ఒక ఫొటో వెంట కాజీపేటకు

మా మేనమామ పోయిన ఏడాదికి ఆయన ట్రంకు పెట్టె సర్దాం. పాత శుభలేఖల కట్ట కింద ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. అరచేతిలో ఇమిడే చదరపు ఫొటో. అందులో మనుషులెవరూ లేరు. ప్లాట్‌ఫారం చివర ఆగి ఉన్న బొగ్గు ఇంజను, చక్రాల మధ్య నుంచి పక్కకు చిమ్ముతున్న ఆవిరి, వెనక సగం కనబడే నీళ్ల గొట్టం. తిప్పి చూస్తే పెన్సిలుతో ఒక్కటే మాట ఉంది: ఖమ్మం.

మామయ్య దగ్గర అగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. ఒక ఫిలిం రీలుకు పన్నెండు బొమ్మలు పడేవి. ఫిలిం కొనాలన్నా, కడిగించాలన్నా డబ్బు లెక్క చూసుకోవలసిన రోజులవి. పన్నెండింటిలో ఒకటి ఇంజనుకు ఇచ్చాడంటే దాన్ని చూసి ఆయన మనసు ఎంత నిలిచిపోయిందో అర్థమవుతుంది. కానీ అది ఏ ఇంజను? నంబరెంత? ఏ సంవత్సరం? ఏ బండిని లాక్కుంటూ వచ్చింది? క్యాబు పక్కన నంబరు ఉండవలసిన చోట సరిగ్గా ఆవిరి కమ్ముకుంది. అడుగుదామంటే ఆయన లేడు.

నేనూ పదిహేనేళ్లుగా ఇంజన్ల ఫొటోలు తీస్తున్నాను. ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. ఆ ఫొటో జేబులో పెట్టుకుని నడిగూడెం నుంచి కాజీపేటకు, అక్కడి నుంచి కాచిగూడకు రెండు రోజులు తిరిగి వచ్చాను. ఆ ప్రయాణం గురించే ఈ నాలుగు మాటలు.

మా ఊరికి రైలు లేదు. ఇటు మేళ్లచెరువు వైపు పట్టాలున్నా వాటి మీద సిమెంటు బండ్ల రాకపోకలే ఎక్కువ. చిన్నప్పుడు నాకు రైలంటే మిర్యాలగూడే. బీబీనగర్–నడికుడి లైను 1980ల చివరికి గానీ పూర్తి కాలేదు. నాన్న బియ్యం మిల్లులో పని మీద వెళ్తూ నన్ను వెంట తీసుకుపోయేవాడు. స్టేషన్ దగ్గర తవుడు వాసన, ఉడికిన వడ్ల వాసన గాలిలో నిండి ఉండేది. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు ముందు నేల కింద నుంచి గుబగుబమని ఒక చప్పుడు పుట్టేది. తర్వాత పొగ, ఆ తర్వాత ఇంజను ముఖం కనబడేవి. అది డీజిలు ఇంజను. ఇప్పుడు ఆ లైను మీద కూడా కరెంటు తీగలు వచ్చాయి. బండి వచ్చేదాకా చప్పుడు తెలియడం లేదు.

తెల్లవారుజామున బయలుదేరాను. నడిగూడెం దాటేటప్పుడు సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద ఇంకా మంచు తేలుతోంది. ఊరి నడుమ రాజావారి కోట గోడలు కనిపిస్తాయి. మునగాల పరగణా జమీందారులు ఉన్న కోట అది. ఈ పరగణాది విచిత్రమైన చరిత్ర. నాలుగు వైపులా నిజాం రాజ్యం, మధ్యలో ఇదొక్కటి మద్రాసు ప్రెసిడెన్సీకి, కృష్ణా జిల్లాకు చెందిన దీవి. తర్వాత నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. పింగళి వెంకయ్య ఇక్కడ ఉండి పత్తి మీద పరిశోధనలు చేశారు. జాతీయ జెండా రూపు ఈ కోటలోనే దిద్దారని మా ఊళ్లో ఏ పెద్దమనిషిని కదిపినా చెబుతారు.

నాకు ఈ కోట ముందు నిలబడితే గుర్తొచ్చేది మరో సంగతి. రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు మొదలైనవారు కలిసి 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. తెలుగు పుస్తకానికి నిజాం రాజధానిలో ఒక గూడు దొరికింది. 1906లో అదే మిత్రబృందం విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్రం తెలుగులో అచ్చు వేయించింది. లక్ష్మణరావు పంతులు గారు శాసనాలు చదివి చరిత్ర రాసిన మనిషి. రాయి మీద అక్షరం ఉంటేనే ఆ రాయి మాట్లాడుతుందని ఎరిగిన మనిషి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్నారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పని అకారంతో మొదలయ్యే విషయాల దగ్గరే ఉంది. కోట గోడ పక్కన నిలబడి జేబులోని ఫొటోను మళ్లీ చూసుకున్నాను. ఊరి పేరు తప్ప మరో అక్షరం లేని శాసనం అది.

కోదాడలో ఖమ్మం బస్సు పట్టుకున్నాను. నేలకొండపల్లి మీదుగా దారి. భక్త రామదాసు పుట్టిన ఊరు దాటాక పొద్దెక్కింది. మిరప చేలు, పత్తి చేలు, పచ్చటి వరి మడులు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. నిజాం రైలు 1889లో బెజవాడ చేరినప్పుడు ఖమ్మం, మధిర మీదుగా వెళ్లింది. మా పరగణాకు అది అందలేదు. మా పెద్దలు రైలెక్కాలంటే ముందు బండి కట్టుకోవలసిందే.

ఖమ్మం స్టేషన్‌లో ముందు ప్లాట్‌ఫారం టిక్కెట్టు, ఆ తర్వాత విచారణ. రైల్వే ఆవరణలో కెమెరా బయటికి తీసే ముందు అక్కడున్న సిబ్బందికి చెప్పి తీయడం నాకు అలవాటు. మామయ్య నిలబడిన చోటు వెతికాను. ప్లాట్‌ఫారం పొడవు పెరిగి ఉంటుంది, కప్పులు మారాయి, నీళ్ల గొట్టం జాడ లేదు. పై నుంచి ఇరవై అయిదు వేల వోల్టుల తీగలు సాగుతున్నాయి. ఫొటోలోని ఆకాశంలో ఒక్క తీగ కూడా లేదు. అంటే ఈ మార్గానికి కరెంటు రాకముందు తీసిన బొమ్మ. ఈ లైను మీద విద్యుదీకరణ 1980లలో జరిగింది. ఆకాశం ఖాళీగా ఉండటమే నాకు దొరికిన మొదటి ఆధారం.

గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఒకప్పుడు ఆవిరి ఇంజను లాగుతుండగానే వేగానికి పేరు తెచ్చుకున్న బండి ఇది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాని పేరు గౌరవంగా పలుకుతారు.

ఈ పట్టాల కథ చెప్పకుండా ఇంజన్ల కథ చెప్పలేం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. అక్కడి నుంచి తూర్పుకు, బొగ్గు గనుల దాకా పొడిగించాలన్నది తర్వాతి ఆలోచన. అందుకు 1883లో లండన్‌లో కంపెనీ ఏర్పడింది. పెట్టుబడి పెట్టినవారికి వడ్డీ తప్పకుండా ఇస్తామని నిజాం ప్రభుత్వం పూచీ పడింది. అందుకే దాని పేరులోనే పూచీ ఉంది: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పూచీ భారం ప్రజల మీద పడుతుందని, లెక్కలన్నీ బయట పెట్టమని హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్లు అడిగారు. చాందా రైల్వే వ్యవహారమని చరిత్రలో దానికి పేరు. అడిగినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఒకరు. ఆయనను నగరం నుంచే పంపించేశారు. ఇవాళ మనం హాయిగా కూర్చుని పోయే ఈ పట్టాల కింద అంత రాపిడి ఉంది.

1886లో పట్టాలు వరంగల్లు చేరాయి. 1888లో డోర్నకల్ నుంచి ఇల్లెందుకు కొమ్మ లైను పడింది, 1889లో బెజవాడ అందింది. డోర్నకల్ జంక్షన్‌లో బండి ఆగినప్పుడు తూర్పుకు చీలే ఆ పట్టాలను చూశాను. 1870ల తొలినాళ్లలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అక్కడి బొగ్గు పొరకు నేటికీ కింగ్ సీమ్ అనే పేరు. 1889లో తవ్వకం మొదలైంది. రైలు లేకపోతే బొగ్గు కదలదు, బొగ్గు లేకపోతే ఇంజను కదలదు. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఎదిగిన తావు ఇది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ గనులను అందుకుంది. మామయ్య ఫొటోలో ఆవిరి పుట్టించిన బొగ్గు ఈ నేలదే అయి ఉంటుందనుకుంటే, ఆ చిన్న కాగితం బరువెక్కినట్టనిపించింది.

మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ దాటి వరంగల్లు వచ్చింది. తర్వాత పది నిమిషాల్లో కాజీపేట.

కాజీపేట రైలు ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో వరంగల్లు ఖాజీగా ఉన్న సూఫీ సాధువు హజ్రత్ అఫ్జల్ బియాబానీ దర్గా ఇక్కడ ఉంది. ఊరి పేరు ఆ ఖాజీ వల్లే వచ్చింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. అప్పుడు ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. అదే ఏడాది గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడక మొదలుపెట్టింది. సికింద్రాబాదు, బల్లార్షా, విజయవాడ మూడు దిక్కుల పట్టాలు ఇక్కడ ముడిపడ్డాయి. లోకో షెడ్లు వచ్చాయి, వాటి చుట్టూ క్వార్టర్లు, బజార్లు, చర్చి, బడి వచ్చాయి. ఈ ఊళ్లో పాత ఇళ్ల వాళ్లను పలకరిస్తే తండ్రో తాతో ఫైర్‌మనో, ఫిట్టరో, గార్డో అయి ఉంటాడు.

మామయ్య ఫొటో సంగతితో పాటు నేను వెతుక్కుంటూ వచ్చినవి ఆల్కోలు, పాత డీజిలు ఇంజన్లు. తెలుగునాట నలభై ఏళ్లు దాటినవారెవరైనా వాటిని చూసే ఉంటారు, పేరు మాత్రం తెలిసి ఉండకపోవచ్చు. ఒక వైపు పొడవాటి ముక్కు, మరో వైపు పొట్టి ముక్కు, ఆ రెండింటి నడుమ క్యాబు, పక్కన సన్నటి నడక దారి, దానికి కమ్మీలు. రైల్వే దాన్ని డబ్ల్యూడీఎం 2 అంటుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, డి అంటే డీజిలు, ఎం అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకూ పనికొచ్చేది. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి. లోపల డీజిలు ఇంజను జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసుల మీది మోటార్లకు వెళ్లి చక్రాలను తిప్పుతుంది. ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానేసింది. దాని ఇంజన్ల వంశం మాత్రం మన దేశంలో దశాబ్దాల పాటు పెరిగింది. 3,100 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం 3ఏ, గూడ్సు కోసం శక్తి అని పేరు పెట్టిన డబ్ల్యూడీజీ 3ఏ, ఇవన్నీ ఆ ఇంటి బిడ్డలే.

ఆల్కో కదిలేటప్పుడు నల్లటి పొగ కక్కుతుంది. డ్రైవరు నాచ్ పెంచగానే డీజిలు వెంటనే సిలిండర్లలోకి వెళ్తుంది. గాలిని లోపలికి నెట్టే టర్బో మాత్రం వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. గాలి చాలని ఆ క్షణాల్లో కాలీ కాలని ఇంధనమే ఆ పొగ. తర్వాత టర్బో ఈల అందుకుంటుంది, పొగ పలచబడుతుంది. గుబగుబ చప్పుడు కింద, ఆ ఈల దాని మీద. మిర్యాలగూడలో నాన్న చెయ్యి పట్టుకుని నేను విన్నది అదే.

ఇప్పుడు లైన్లు దాదాపు అన్నీ కరెంటు అయ్యాయి. పొగ తగ్గడం మంచిదే, డీజిలు ఖర్చు తగ్గడమూ మంచిదే. నేను దాని మీద ఫిర్యాదు చేయడం లేదు. కానీ రైల్వే వాళ్ల భాషలో ‘కండెమ్’ అయిన ఇంజను తుక్కు కింద అమ్ముడుపోతుంది. గ్యాస్ కట్టరు పడ్డాక దాని నంబరుతో సహా పోతుంది. నలభై ఏళ్లు లక్షల మందిని ఊళ్లకు చేర్చిన యంత్రం ఏ గుర్తూ మిగలకుండా పోకూడదన్నదే నా బాధ.

షెడ్డు లోపలికి వెళ్లడానికి రాతపూర్వకమైన అనుమతి కావాలి. ఈసారి నాకు అది లేదు. అందుకని అందరికీ చోటున్న తావుల్లోనే నిలబడ్డాను: ప్లాట్‌ఫారం చివర హద్దు లోపల, ఫాతిమానగర్ వంతెన మీద. పట్టాల మీదికి దిగి ఫొటో తీయడం నేరం. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. చట్టం సంగతి పక్కన పెట్టినా ఇప్పటి కరెంటు బండి చప్పుడు లేకుండా వస్తుంది. పై తీగను తాకనక్కర్లేదు, దాని దగ్గరికి కడ్డీ పోయినా ప్రాణం పోతుంది. గొడుగు, సెల్ఫీ కర్ర, పొడవాటి స్టాండు, ఇవేవీ వంతెన మీద పైకి ఎత్తకూడదు. ఏ ఫొటో కూడా ఒక ప్రాణం కంటే పెద్దది కాదు.

మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు పసుపు తిరిగింది. ఇంజను ఫొటోకు నడినెత్తిన సూర్యుడు పనికిరాడు. ఇంజను కింది భాగమంతా, చక్రాలు, స్ప్రింగులు, ఇసుక గొట్టాలు, అన్నీ నీడలో మునిగిపోతాయి. పొద్దు వాలినప్పుడే ఆ ఇనుము అంగం అంగం విడివిడిగా కనిపిస్తుంది. బొగ్గు ఇంజనైతే మరీ కష్టం. దాని నలుపు వెలుగును మింగేస్తుంది. కెమెరా చెప్పిన దానికంటే కాస్త ఎక్కువ వెలుగు ఇస్తే తప్ప రివెట్లు కనబడవు. మామయ్య చేతిలోని కెమెరాలో ఎండ, మబ్బు అనే రెండు గుర్తులే ఉండేవి. ఆ రెండింటితోనే ఆయన రివెట్లు పట్టాడు.

యార్డులో ఒక పాత శక్తి ఇంజను వ్యాగన్లను అటూ ఇటూ సర్దుతోంది. రంగు వెలిసి, తలుపు అంచున తుప్పు పట్టి ఉంది. పాయింట్స్‌మన్ చెయ్యి ఊపగానే అది గుర్రుమని పొగ వదిలి కదిలింది. ఆ పొగ మీద వాలిన ఎండ పడి ఒక్క క్షణం రాగి రంగు తిరిగింది. అయిదారు ఫొటోలు తీశాను. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నన్ను చూస్తూ ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో టీ గ్లాసు.

“ఫొటోలు తీసుడేనా బిడ్డా, నంబరు రాసుకుంటున్నవా?” అన్నాడు.

జేబులోంచి నోటుబుక్కు తీసి చూపించాను. నంబరు, షెడ్డు పేరు, తేదీ, వేళ, చేస్తున్న పని రాసి ఉన్నాయి. ఆయన ముఖం విప్పారింది. పక్కకు జరిగి చోటిచ్చాడు. రైల్వేలో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గేసి, షంటరై, డ్రైవరుగా రిటైరైన మనిషి. బొగ్గు, డీజిలు, కరెంటు, మూడూ నడిపాడు. నేను మామయ్య ఫొటో తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

“డబ్ల్యూజీ బిడ్డా ఇది. పెద్ద చక్రాలు లెక్కపెట్టు. ఒక పక్క నాలుగు. డబ్ల్యూపీకి మూడే ఉంటయి. దాని మూతి బుంగ లెక్క ముందుకుంటది, మీద చుక్క ఉంటది. యుద్ధం దినాలల్ల అమెరికా నుంచి వచ్చినవాటికి గూడ నాలుగే గానీ, ఈ క్యాబు తీరు చూస్తే డబ్ల్యూజీయే.”

“నంబరు తెలుస్తుందా తాతా?”

“నంబరు ఆవిరి తినేసింది గద బిడ్డా.”

డబ్ల్యూజీ అంటే గూడ్సు బండ్ల కోసం చేసిన ఆవిరి ఇంజను. ముందు రెండు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక రెండు. స్వతంత్ర భారతం సొంతంగా ఇంజన్లు చేసుకోవడం మొదలుపెట్టింది దీనితోనే. 1950లో చిత్తరంజన్ కర్మాగారం నుంచి వచ్చిన మొదటి డబ్ల్యూజీకి చిత్తరంజన్ దాస్ బిరుదైన దేశబంధు పేరు పెట్టారు. 1970లో వచ్చిన చివరి డబ్ల్యూజీ పేరు అంతిమ్ సితారా. ఆ కర్మాగారం మొత్తం 2,351 ఆవిరి ఇంజన్లు తయారు చేసింది. బ్రాడ్ గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి.

ఆయన చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. బొగ్గు పారతో వేయడం బలం పని అనుకుంటారు, చేతివాటం పని అన్నాడు. అన్నం పళ్లెంలో పరిచినట్టు మంట మీద పలచగా, సమంగా పడాలి. ఒకచోట కుప్ప పడితే మంట చస్తుంది, పొగ లేస్తుంది, ఆవిరి పడిపోతుంది. కన్నెప్పుడూ నీటి గాజు గొట్టం మీద ఉండాలి. బాయిలరులో నీళ్లు కిందికి దిగిపోయి మంట గది పైకప్పు బయటపడితే సీసపు బిరడా కరిగి, ఆవిరి మంట మీదికి దూకుతుంది. అది ఆఖరి హెచ్చరిక. వేసవిలో ముందు నుంచి కొలిమి వేడి, పై నుంచి ఎండ. వానాకాలంలో ఒక పక్క వాన జల్లు, ఒక పక్క మంట. “డ్యూటీ దిగి ఇంటికి పోతే పిల్లలు గుర్తుపట్టకపోయేది, కండ్లొక్కటే తెల్లగ కనబడేటియి” అన్నాడు. ఆ మాట అన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆయన దగ్గర తన ఇంజనుతో దిగిన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ రోజుల్లో కెమెరా ఎవరి దగ్గర ఉంది, ఉన్నా నల్లగా మసిబారిన మనిషిని ఎవరు తీస్తారు? యార్డులోని శక్తి ఇంజను దూరంగా ఉన్నప్పుడు, అది నేపథ్యంలో పడేట్టు ఆయనను బెంచీ మీద కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే తీశాను. రెండు ప్రతులు ఇంటికి పంపుతానన్నాను, పంపాను కూడా.

ఆ సాయంత్రం వంతెన మీద నిలబడ్డప్పుడు ఓ. విన్‌స్టన్ లింక్ గుర్తొచ్చాడు. 1955 నుంచి 1960 దాకా అమెరికాలో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు మార్గం వెంట తిరిగి, అక్కడి చివరి ఆవిరి ఇంజన్లను రాత్రివేళ ఫ్లాష్ బల్బుల వరసలు పేర్చి ఫొటోలు తీశాడు. చప్పుళ్లను కూడా టేపు మీద పట్టాడు. ఆయన బొమ్మల్లో ఇంజను ఒక్కటే ఉండదు. వాకిట్లో కూర్చున్న ముసలివాళ్లు, ఈత కొడుతున్న పిల్లలు, కార్లలో సినిమా చూస్తున్న జంట, వాళ్ల వెనుక దూసుకుపోతున్న బండి ఉంటాయి. 1960లో ఆ మార్గం మీద ఆవిరి ఆగింది. ఆ ఊళ్లు ఎలా బతికాయో ఇవాళ ఆ ఫొటోలు చెబుతాయి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ నిజాం రాజ్యాన్ని అలాగే మనకు మిగిల్చిపోయాడు. డోర్నకల్‌కో కాజీపేటకో డబ్ల్యూజీ రోజుల్లో అలాంటి మనిషి దొరకలేదు. మనకు దొరికింది ట్రంకు పెట్టెల్లోని ఒకటీ అరా ఫొటోలే. అందుకే వాటి విలువ ఎక్కువ.

రాత్రి కాజీపేటలో ఉండి మర్నాడు పొద్దున సికింద్రాబాదు, అక్కడి నుంచి కాచిగూడ. 1916లో కట్టిన ఈ స్టేషన్ గుమ్మటాలతో, మినార్లతో కోటలా నిలబడి ఉంటుంది. నిజాం రైల్వే పాలన ఇక్కడి నుంచి సాగింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైలును పూర్తిగా కొనేసింది. 1951లో అది మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. స్టేషన్‌లోనే చిన్న రైలు మ్యూజియం ఉంది. పాత పటాలు, దీపాలు, నమూనాలు, నిజాం కాలపు ఫొటోలు ఉన్నాయి. ఫొటోల ముందు ఒక్కొక్కదాని దగ్గర ఆగాను. కింద రాత ఉన్న ఫొటో దగ్గర మనం నిలబడతాం, చదువుతాం, మళ్లీ చూస్తాం. రాత లేని ఫొటో దగ్గర బాగుందని అనుకుని ముందుకు కదులుతాం. అది ఇంజను తప్పు కాదు, ఫొటో తప్పూ కాదు.

కాచిగూడ నుంచి సుల్తాన్ బజారుకు ఎంతో దూరం లేదు. నడిచే వెళ్లాను. ఈ ప్రయాణం నడిగూడెం కోట దగ్గర మొదలైంది కనుక భాషా నిలయం ముందు ముగియాలని ముందే అనుకున్నాను. మా ఊరి రాజు సాయపడి నిలబెట్టిన గ్రంథాలయం. తెలుగు పుస్తకం ఒక్కటి పోయినా మళ్లీ దొరకదన్న భయంతో ఆ పెద్దలు దాన్ని కట్టారు. పుస్తకాలకు పట్టిన ఆ భయం మన యంత్రాలకు, వాటిని నడిపిన చేతులకు ఇంకా పట్టలేదు. ఇంజను మీది తయారీ పలక కూడా శాసనమే. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ ఏడు చేశారు, దాని మీద ఉంటుంది. లక్ష్మణరావు పంతులు గారు ఈ రోజుల్లో ఉంటే యార్డు బయట నిలబడి వాటిని నకలు తీసుకునేవారని నా నమ్మకం.

అందుకే నాలాంటి ఇంజన్ల పిచ్చివాళ్లకు, తాతల పెట్టెలు తెరిచే పిల్లలకు నా మనవి ఒక్కటే. ఫొటో తీసిన రోజే రాయండి. ఇంజను నంబరు, షెడ్డు, స్టేషన్, తేదీ, వేళ, లాగుతున్న బండి పేరు. డ్రైవరో ఫిట్టరో మాట్లాడితే ఆయన ఏం చెప్పాడో రాయండి, ఆయన ఒప్పుకుంటే ఆయన ఫొటో కూడా తీసి ఒక ప్రతి ఆయనకు ఇవ్వండి. ఫోనులో వదిలేయకండి, కొన్నింటినైనా కాగితం మీద వేయించండి, వెనక రాయండి. ఇంట్లో పాత రైలు ఫొటో ఉంటే దాని సంగతి తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడగండి. ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.

ఇంటికి వచ్చాక మామయ్య ఫొటో వెనక, ఆయన పెన్సిలు రాత చెదరకుండా, దాని కింద నేను రాశాను: డబ్ల్యూజీ తరగతి ఆవిరి ఇంజను. ఖమ్మం స్టేషన్. లైనుకు కరెంటు రాకముందు. గుర్తుపట్టినది కాజీపేటలో ఒక రిటైర్డు డ్రైవరు. నంబరు తెలియదు.